బ్రోకర్‌చెక్ రివ్యూ: సలహాదారు మాజీ ఫుట్‌బాల్ స్టారే అయినా ముందు ఈ పేజీ తెరవండి

అమెరికాలో ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే అక్కడి ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడి రిటైరైనవాళ్లు డబ్బు వ్యవహారాల్లో సలహాదారులుగా మారడం కొత్తేమీ కాదు. న్యూయార్క్ జెయింట్స్‌కి ఆడిన జస్టిన్ టక్ గోల్డ్‌మన్ సాక్స్ బ్యాంకులో వెల్త్ మేనేజ్‌మెంట్ విభాగంలో చేరాడు. మయామి డాల్ఫిన్స్‌కీ షికాగో బేర్స్‌కీ ఆడిన అడెవాలే ఒగున్‌లేయే యూబీఎస్ బ్యాంకులో క్రీడాకారులు, కళాకారుల ఖాతాలు చూసే విభాగానికి అధిపతి అయ్యాడు. అంత పేరున్న మనిషి ఎదురుగా కూర్చుని మన రిటైర్‌మెంట్ డబ్బు గురించి మాట్లాడుతుంటే, ‘మీకున్న లైసెన్సులేంటి, మీ మీద ఫిర్యాదులేమైనా ఉన్నాయా’ అని అడగడానికి నోరు రాదు. ఆ మొహమాటంతో పని లేకుండా రెండింటికీ జవాబిచ్చే సేవ బ్రోకర్‌చెక్. నడిపేది ఫిన్రా, అంటే అమెరికాలో బ్రోకరేజి సంస్థల మీద నిఘా ఉంచే నియంత్రణ సంస్థ. ఖర్చు పైసా లేదు, లాగిన్ అక్కర్లేదు, ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను: అయిదుకి నాలుగు. ఒక మనిషి గతాన్ని చూపించడంలో దీనికి సాటి వచ్చే ఉచిత సేవ ఇంకోటి లేదు. ఆ మనిషి ఎంత వసూలు చేస్తాడో, సలహా ఎంత మంచిదో మాత్రం ఇది ఒక్క ముక్క కూడా చెప్పదు. ఈ తేడా తెలియక చాలామంది ‘బ్రోకర్‌చెక్‌లో క్లీన్‌గా ఉంది’ అనుకుని అక్కడితో ఆపేస్తారు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

ముందు ఆటగాడి సంగతి చూద్దాం, ఎందుకంటే అతని కెరీర్‌లో దేనికి విలువ ఇవ్వాలో, దేనికి ఇవ్వకూడదో తెలిస్తేనే ఈ పేజీని సరిగ్గా చదవగలం.

టక్ అలబామాలోని కెల్లీటన్ అనే చిన్న ఊరివాడు. నోటర్‌డామ్ యూనివర్సిటీకి ఆడి, 2005 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని వరుసగా ఎంచుకునే కార్యక్రమం) మూడో రౌండులో, మొత్తం మీద 74వ ఆటగాడిగా జెయింట్స్‌కి వచ్చాడు. అప్పటివరకు ఆడిన 18 మ్యాచులూ గెలిచిన న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ని 2008 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్లో, 17-14 తేడాతో ఓడించిన రోజున వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ముఖ్య ఆటగాడు) టామ్ బ్రేడీని రెండుసార్లు పడగొట్టాడు, ఒకసారి బంతి జారేలా చేశాడు. నాలుగేళ్ల తర్వాత ఇండియానాపొలిస్‌లో మళ్లీ అదే జట్టు, మళ్లీ జెయింట్స్ గెలుపు, 21-17. ఆ మ్యాచ్‌లో పేట్రియట్స్ బంతి అందుకున్న మొట్టమొదటి ఆటలోనే టక్ మీదికి దూసుకురావడంతో బ్రేడీ సొంత ఎండ్ జోన్ (మైదానంలో తమ వైపు చివరి భాగం) నుంచి బంతిని ఎవరూ లేని చోటికి విసిరేశాడు. అది తప్పు కింద లెక్క, జెయింట్స్‌కి రెండు పాయింట్లు. చివరి రెండు సీజన్లు ఓక్లాండ్ రెయిడర్స్‌కి ఆడాడు. 2015లో ఛాతీ కండరం తెగి సీజన్ మధ్యలోనే ఆగిపోయింది. 2016లో రిటైరయ్యాడు.

మనకి కావాల్సింది ఆ తర్వాతి భాగం. ఆట మానేసిన వెంటనే బిజినెస్ కార్డు మీద పేరు అచ్చేయించుకోలేదు. పెన్సిల్వేనియా యూనివర్సిటీ వార్టన్ స్కూల్‌లో ఎంబీఏ చేసి, 2018లో పట్టా పుచ్చుకున్నాక గోల్డ్‌మన్‌కి వెళ్లాడు. రెండు సూపర్ బౌల్ విజేత ఉంగరాలున్న మనిషి మళ్లీ తరగతి గదిలో కూర్చుని అకౌంటింగ్ నేర్చుకోవడం చిన్న విషయం కాదు. నా లెక్కలో ఉంగరాల కంటే ఆ చదువుకే విలువ ఎక్కువ, ఎందుకంటే క్లయింటుకి పనికొచ్చేది అదే.

ఒగున్‌లేయే దారి ఇంకోలా సాగింది. ఇండియానా యూనివర్సిటీలో ఉండగా మోకాలికి దెబ్బ తగలడంతో 2000 డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ తీసుకోలేదు. అయినా మయామి డాల్ఫిన్స్‌లో చోటు సంపాదించి, 2003 సీజన్‌లో 15 శాక్‌లతో (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) ఏఎఫ్‌సీలో, అంటే లీగ్‌లోని సగం జట్లలో, మొదటి స్థానంలో నిలిచాడు. ఇలా డ్రాఫ్ట్‌లో ఎంపిక కాకుండా వచ్చినవాళ్లకి ఆదాయం ఎంత అస్థిరంగా ఉంటుందో పుస్తకాలు చదివి తెలుసుకోనక్కర్లేదు. మాజీ ఆటగాళ్లు ఈ వృత్తిలో నిజంగా తెచ్చిపెట్టే విలువ ఇక్కడుంది. క్రీడాకారుడైన క్లయింటుకి వాళ్లు బాగా పనికొస్తారు.

ఎందుకంటే ఆ ఆదాయం తీరే వేరు. 2025లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొత్త ఆటగాడి కనీస జీతం 8,40,000 డాలర్లు. వినడానికి బోలెడంత. అందులోంచి ఫెడరల్ పన్ను పోతుంది, పై శ్లాబు 37 శాతం. ఆ తర్వాత మ్యాచ్ ఏ రాష్ట్రంలో ఆడితే ఆ రాష్ట్రం తన వంతు పన్ను అడుగుతుంది. ఆ రాష్ట్రంలో గడిపిన పని దినాల లెక్కన జీతాన్ని పంచి పన్ను వేస్తారు కాబట్టి ఒక్క సీజన్‌కే అరడజను రాష్ట్రాల్లో రిటర్నులు దాఖలు చేయాల్సి రావచ్చు. ఏజెంటుకి గరిష్ఠంగా 3 శాతం. ఒప్పందాల్లో చాలావాటికి పూర్తి గ్యారంటీ ఉండదు, జట్టు తీసేస్తే మిగతా సంవత్సరాల జీతం కాగితం మీదే మిగిలిపోతుంది. ఇరవై అయిదేళ్లకి సంపాదన ఆగిపోయే మనిషికి అరవై ఏళ్లు బతకడానికి డబ్బు ఏర్పాటు చేయడం, ముప్పై ఏళ్లపాటు నెలనెలా జీతం వచ్చే సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకి ప్లాన్ వేయడం, రెండూ వేర్వేరు పనులు.

‘ఆటగాళ్లలో 78 శాతం దివాలా తీస్తారు’ అనే అంకె చాలాచోట్ల తిరుగుతుంటుంది. 2009లో ఒక పత్రిక రాసిన కథనంలోది అది. అందులో దివాలాతో పాటు ‘ఆర్థిక ఇబ్బంది’ కూడా కలిపేశారు. 1996 నుంచి 2003 వరకు డ్రాఫ్టయినవాళ్ల కోర్టు రికార్డులు చూసి ఆర్థికవేత్తలు 2015లో విడుదల చేసిన అధ్యయనంలో, రిటైరైన 12 ఏళ్లలోపు దివాలా పిటిషన్ వేసినవాళ్లు దాదాపు 16 శాతమని తేలింది. అంతకంటే ముఖ్యమైన సంగతి: ఎక్కువ సంపాదించినా, ఎక్కువేళ్లు ఆడినా ఆ ప్రమాదం తగ్గలేదు. ఈ అంకెకీ మన రివ్యూకీ సూటి సంబంధం ఉంది. సలహాదారు లైసెన్సు తీసుకున్న మనిషి గత పదేళ్లలో స్వయంగా దివాలా తీసి ఉంటే, ఆ విషయం బ్రోకర్‌చెక్‌లో కనబడుతుంది.

ఇక వాడే పద్ధతి. సైట్‌లో ‘వ్యక్తి’, ‘సంస్థ’ అని రెండు విధాల వెతకొచ్చు. పేరుతో వెతికితే ఒకే పేరున్నవాళ్లు డజన్లకొద్దీ వస్తారు, పక్కన సంస్థ పేరో జిప్ కోడో ఇస్తే వడపోత సులువు. ఆటగాళ్ల విషయంలో జనం పిలిచే పేరు ఒకటి, కాగితాల మీది పేరు ఇంకోటి. ఒగున్‌లేయేని అందరూ వాలే అంటారు. మన తెలుగువాళ్ల సంగతి మరీ గజిబిజి: ఇంటిపేరు ముందుకొస్తుంది, ‘వెంకట’ ఫస్ట్ నేమ్ అయి కూర్చుంటుంది, ఆఫీసులో మాత్రం ‘సత్య’. అందుకే ‘మీ సీఆర్‌డీ నంబర్ ఇస్తారా’ అని నేరుగా అడగడం ఉత్తమం. రిజిస్టరైన ప్రతి ఒక్కరికీ ఆ నంబర్ ఉంటుంది, సంస్థ మారినా నంబర్ మారదు. ఇవ్వడానికి తటపటాయించే సలహాదారుతో మాట్లాడటం అక్కడే ఆపేయొచ్చు.

పేజీ తెరుచుకోగానే పేరు దగ్గర కనిపించే గుర్తులు చూడాలి. ‘బి’ అంటే బ్రోకర్, ‘ఐఏ’ అంటే ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్. రెండూ ఉండొచ్చు కూడా. ఈ తేడా చాలా ముఖ్యం. ఐఏ హోదాలో ఇచ్చే సలహాకి క్లయింటు మేలే ముందు చూడాల్సిన చట్టబద్ధమైన బాధ్యత ఆ బంధం ఉన్నంతకాలం ఉంటుంది. బ్రోకర్‌గా సిఫార్సు చేసినప్పుడు 2020 జూన్ 30 నుంచి అమల్లో ఉన్న ‘రెగ్యులేషన్ బెస్ట్ ఇంటరెస్ట్’ వర్తిస్తుంది. అది ఆ సిఫార్సు చేసే సమయానికే పరిమితం, ఆ తర్వాత ఖాతాని కనిపెట్టుకుని ఉండమని మామూలుగా అనదు. రెండు గుర్తులూ ఉన్న మనిషిని ‘నా ఖాతాకి మీరు ఏ హోదాలో పని చేస్తారు’ అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోవాలి.

తర్వాత పరీక్షల భాగం. ఇక్కడే మాజీ ఆటగాడు ఎంత పని చేసి వచ్చాడో తెలుస్తుంది. ఎస్‌ఐఈ అనేది తొలి మెట్టు: 75 ప్రశ్నలు, గంటా నలభై అయిదు నిమిషాలు, నూటికి 70 వస్తే పాస్. 2018 అక్టోబర్‌లో మొదలైంది. దీనికి ఏ సంస్థా స్పాన్సర్ చేయక్కర్లేదు, కాలేజీ పిల్లలు కూడా రాస్తారు, కాబట్టి ఇదొక్కటే ఉంటే ఏమీ అమ్మే అర్హత లేనట్టే. సిరీస్ 7కి సంస్థ స్పాన్సర్‌షిప్ తప్పనిసరి: 125 ప్రశ్నలు, మూడు గంటల నలభై అయిదు నిమిషాలు, నూటికి 72 రావాలి. షేర్లు, బాండ్లు, ఆప్షన్లు అమ్మాలంటే ఇది ఉండాలి. సలహాదారు హోదాకి సిరీస్ 65, లేదా సిరీస్ 7తో కలిపి 66. ఆప్షన్ల దగ్గర, మ్యునిసిపల్ బాండ్ల దగ్గర చాలామంది తడబడతారు. తప్పినవాళ్లు కనీసం నెల ఆగి మళ్లీ రాయాలి. ఎన్నిసార్లు తప్పారో బ్రోకర్‌చెక్ చూపించదు, పాసైనవే కనిపిస్తాయి. ఈ పరీక్షలన్నీ నియమాలూ ఉత్పత్తులూ తెలుసా లేదా అని చూసేవే. ఒక కుటుంబానికి ప్లాన్ వేయగల సత్తా సీఎఫ్‌పీ (సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్) లాంటి అర్హతల్లో కొంత తెలుస్తుంది. 170 ప్రశ్నల పరీక్షతో పాటు 6,000 గంటల అనుభవం, లేదా ఒకరి దగ్గర శిక్షణలో 4,000 గంటలు అడుగుతారు. దాన్ని సీఎఫ్‌పీ బోర్డు సైట్‌లో విడిగా సరిచూసుకోవాలి.

డిస్‌క్లోజర్స్ అనే భాగమే ఈ సేవకి ప్రాణం. క్లయింట్ల ఫిర్యాదులు, నియంత్రణ సంస్థల చర్యలు, క్రిమినల్ కేసులు, ఆరోపణల నేపథ్యంలో ఉద్యోగం పోవడం, దివాలా, చెల్లించని కోర్టు తీర్పులు, పన్ను బకాయిల కోసం ఆస్తి మీద పడిన లీన్లు, అన్నీ ఇక్కడికే వస్తాయి. ప్రతి ఫిర్యాదు కింద ఎంత నష్టం అడిగారు, ఎంతకి రాజీ పడ్డారు, ఆ బ్రోకర్ తన తరఫున ఏం చెప్పుకున్నాడు అనేవి ఉంటాయి. ఒక ఫిర్యాదు ఉన్నంత మాత్రాన మనిషి చెడ్డవాడు కాడు. 2008లో మార్కెట్ కుప్పకూలినప్పుడు మంచివాళ్ల మీద కూడా ఫిర్యాదులు పడ్డాయి. ఒకే రకం ఉత్పత్తి మీద మూడు రాజీలు, లేదా రెండేళ్లకో సంస్థ మారడం, లేదా ఒక సంస్థ తీసేసిన నెలకే ఇంకో చిన్న సంస్థలో తేలడం, ఇవి చూస్తే మాత్రం ఆగిపోవాలి. పేజీ మీద కనిపించే సారాంశంతో సరిపెట్టుకోకుండా వివరమైన పీడీఎఫ్ రిపోర్టు దింపుకోండి. ‘ఇతర వ్యాపార కార్యకలాపాలు’ అనే పేరా అందులో ఉంటుంది. చాలామంది చదవకుండా దాటేసేది అదే.

ఆ పేరా ఎందుకు చదవాలో ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రే చెబుతుంది. ఆటగాళ్ల యూనియన్ 2002 నుంచి ఆర్థిక సలహాదారుల్ని రిజిస్టర్ చేసుకుంటోంది. అలా యూనియన్ జాబితాలో ఉన్న ఒక బ్రోకరే అలబామాలో కట్టే కాసినో ప్రాజెక్టులో 31 మంది ఆటగాళ్ల చేత డబ్బు పెట్టించాడు. ప్రాజెక్టు దివాలా తీసింది, దాదాపు 4 కోట్ల డాలర్లు పోయాయి. ఒక ఆటగాడి చేత అయితే చేతిలో ఉన్న డబ్బులో చాలా భాగం, 35 లక్షల డాలర్లు, ఇలాంటి ప్రమాదకరమైన వాటిలో పెట్టించాడు. అందులో సుమారు 30 లక్షలు మునిగాయి. ఆ ప్రాజెక్టులో బ్రోకర్‌కి 4 శాతం వాటా, పైగా ప్రమోటర్ నుంచి 5 లక్షల డాలర్లు ముట్టాయని ఫిన్రా తేల్చి, 2013లో అతన్ని వృత్తి నుంచి బహిష్కరించింది. ఈ సంగతులేవీ తను పనిచేసే సంస్థకి చెప్పలేదు. సంస్థకే చెప్పనిది బ్రోకర్‌చెక్‌లోకి ఎలా వస్తుంది? పేజీలో ఉన్నదంతా ఎక్కువగా ఆ మనిషీ సంస్థా నింపి పంపిన యూ4 (రిజిస్ట్రేషన్), యూ5 (సంస్థ వదిలినప్పటి) ఫారాల నుంచి వచ్చేదే. మార్పులుంటే మామూలుగా 30 రోజుల్లోగా పంపాలి. అంటే ఈ రోజు జరిగింది నెల తర్వాత గానీ కనిపించకపోవచ్చు.

కాబట్టి నియమం ఒకటి పెట్టుకోవాలి: సలహాదారు ఏ వ్యాపారంలోనైనా ‘మనవాళ్లం కలిసి పెడుతున్నాం’ అని పిలిస్తే, ఆ వ్యాపారం పేరు రిపోర్టులోని ఇతర కార్యకలాపాల పేరాలో ఉందో లేదో చూడండి. అక్కడ లేకపోతే, అతని సంస్థలో నియమాల అమలు చూసే కంప్లయన్స్ విభాగానికి ఫోన్ చేసి, ఈ పెట్టుబడిని మీ సంస్థ ఆమోదించిందా అని అడగండి. అతను ఇచ్చిన నంబర్‌కి చేయకండి, బ్రోకర్‌చెక్‌లో సంస్థ పేజీలో ఉన్న నంబర్‌కే చేయండి. చెక్కు ఎప్పుడూ ఖాతా ఉన్న కస్టోడియన్ (మీ ఆస్తుల్ని భద్రపరిచే సంస్థ) పేరు మీదే రాయాలి. మనిషి పేరు మీద గానీ, అతని చిన్న కంపెనీ పేరు మీద గానీ రాయకూడదు. ఎస్‌ఐపీసీ (మునిగిన బ్రోకరేజిల ఖాతాదారుల్ని ఆదుకునే సంస్థ) రక్షణ ఒక ఖాతాదారుకి 5 లక్షల డాలర్ల వరకు, అందులో నగదుకి 2.5 లక్షల వరకు. అదీ బ్రోకరేజి సంస్థ మునిగి ఆస్తులు గల్లంతైనప్పుడే. పెట్టుబడి విలువ పడిపోతే ఎస్‌ఐపీసీ రూపాయి కూడా ఇవ్వదు.

పేరున్న ఆటగాడు బ్రోకర్‌చెక్‌లో అసలు దొరక్కపోవడం కూడా మామూలే. ప్రైవేట్ ఈక్విటీ సంస్థలో భాగస్వామి అయితే చిన్న మదుపరులతో అతనికి పనే ఉండదు, కనిపించకపోయినా అనుమానించక్కర్లేదు. కొన్ని సంస్థలు మాత్రం మాజీ ఆటగాడిని ‘బిజినెస్ డెవలప్‌మెంట్’ హోదాలో పెట్టుకుంటాయి. అతని పని పరిచయాలు చేయడం, డిన్నర్లకి పిలవడం. డబ్బు చూసేది వెనకున్న ఇంకొకరు. ఇది చట్టవిరుద్ధం కాదు. సలహాదారు సంస్థల ప్రచారానికి సంబంధించి 2022 నవంబర్ నుంచి పాటించాల్సిన ఎస్‌ఈసీ (అమెరికా ప్రభుత్వ సెక్యూరిటీల నియంత్రణ సంస్థ) నియమం ప్రకారం, డబ్బు తీసుకుని సిఫార్సు చేసేవాళ్లు ఆ విషయం బయటపెట్టాలి. ‘మీ జీతం ఎక్కడి నుంచి వస్తుంది, నేను ఖాతా తెరిస్తే మీకేం వస్తుంది’ అని అడిగితే నిజాయతీపరుడు వెంటనే చెబుతాడు. అప్పుడు వెతకాల్సింది ఆటగాడి పేరు కాదు, ఆ వెనకున్న మనిషి పేరు.

ఫీజు దగ్గర బ్రోకర్‌చెక్ చేతులెత్తేస్తుంది. నేను ఒక మార్కు తగ్గించింది ఇందుకే. ఐఏ గుర్తు ఉన్నవాళ్లకి అక్కడి నుంచే ఎస్‌ఈసీ నడిపే అడ్వైజర్ సైట్‌కి లింకు ఉంటుంది. అందులో ఫారం ఏడీవీ (సలహాదారు సంస్థ తన గురించి దాఖలు చేసే పత్రం) పార్ట్ 2ఏ తెరిచి అయిదో అంశం చదివితే ఫీజు వివరాలు. తొమ్మిదో అంశం క్రమశిక్షణ చర్యలు, పద్నాలుగోది ఎవరు ఎవరిని పరిచయం చేసినందుకు ఎంత ఇస్తారో చెబుతుంది, పదిహేనోది డబ్బు ఎవరి అధీనంలో ఉంటుందో చెబుతుంది. పార్ట్ 2బీ ఆ సైట్‌లో ఉండదు, సలహాదారునే అడిగి తీసుకోవాలి. అది ఆ మనిషి గురించే: చదువు, ఇతర వ్యాపారాలు, అదనంగా అందే పారితోషికం. ఆటగాడు ఏ కాలేజీలో ఏం చదివాడో అధికారికంగా రాసి ఉండేది ఇక్కడ. ఫారం సీఆర్‌ఎస్ అని రెండు పేజీల సారాంశం కూడా ఉంటుంది, బ్రోకర్‌గానూ సలహాదారుగానూ ఉన్న సంస్థలకి నాలుగు పేజీలు. సమయం లేకపోతే కనీసం అదైనా చదవాలి.

ఒక శాతం ఫీజు అంటే చిన్నదిగా వినిపిస్తుంది. 5 లక్షల డాలర్లు ఏటా 7 శాతం చొప్పున ఇరవై ఏళ్లు పెరిగితే సుమారు 19.35 లక్షలవుతాయి. ఒక శాతం ఫీజు పోయి 6 శాతమే మిగిలితే 16.04 లక్షలు. తేడా 3.3 లక్షల డాలర్లు. ఈ డబ్బుకి బదులుగా పన్ను ప్రణాళిక, వీలునామా, బీమా, పిల్లల చదువు అన్నీ చూసిపెడుతుంటే సరే. నాలుగు ఇండెక్స్ ఫండ్లు కొనిపెట్టి ఊరుకుంటే, అది సూపర్ బౌల్ విజేత చేసినా దండగే. ఆటగాళ్ల క్లిష్టమైన ఆదాయానికి తయారైన సేవని, 401(కె)లో (ఉద్యోగుల రిటైర్‌మెంట్ ఖాతా) క్రమంగా జమ చేసుకునే ఉద్యోగి కొనుక్కోవాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. గంటకింత అని తీసుకునే సలహాదారు దగ్గర ఒకసారి ప్లాన్ రాయించుకుంటే సరిపోతుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలు ప్రత్యేకంగా గమనించాల్సిన లోటు ఒకటుంది. మన సమావేశాల స్టాళ్లలో, వారాంతపు పార్టీల్లో ఎక్కువగా అమ్మేవి ఇండెక్స్‌డ్ యూనివర్సల్ లైఫ్ పాలసీలు, ఫిక్స్‌డ్ యాన్యుటీలు. ఇవి బీమా కింద లెక్క, సెక్యూరిటీలు కావు. రాష్ట్ర బీమా లైసెన్సు మాత్రమే ఉన్న ఏజెంటు బ్రోకర్‌చెక్‌లో ఉండడు, ఉండాల్సిన అవసరమూ లేదు. వెతికితే ఏమీ రాకపోవడాన్ని ‘మచ్చ లేదు’ అని అర్థం చేసుకుంటే పప్పులో కాలేసినట్టే. టెక్సస్‌లో ఉంటే టెక్సస్ బీమా శాఖ సైట్‌లో, ఇతర రాష్ట్రాల్లో అక్కడి బీమా శాఖ సైట్‌లో ఏజెంటు పేరు విడిగా చూడాలి. అలాంటి ఏజెంటు మీ 401(కె)లోని ఫండ్లు అమ్మేసి డబ్బు పాలసీలో పెట్టమంటే, ఆ సలహా ఇవ్వడానికి అతనికి సిరీస్ 65 లాంటి అర్హత ఉందా అని అడగాలి. పాలసీ తీసుకునే ముందు సరెండర్ చార్జీలు (మధ్యలో పాలసీ వదిలేస్తే కోసుకునేవి) ఎన్నేళ్లు ఉంటాయో, మొదటి ఏడాది ప్రీమియంలో కమీషన్ ఎంతో కాగితం మీద రాయించుకోవాలి.

ఇండియాలో ఇంత వివరంగా చూపించే సేవ లేదు. సెబీ సైట్‌లో ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల జాబితా ఉంటుంది, రిజిస్ట్రేషన్ నంబర్ ఐఎన్‌ఏతో మొదలవుతుంది. మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్‌కి ఏఆర్‌ఎన్ ఉంటుంది, అతను రెగ్యులర్ ప్లాన్‌లో కమీషన్ తీసుకునే మనిషి. 2013 జనవరి నుంచి కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు వచ్చాయి కాబట్టి, ఫీజు తీసుకునే ఐఎన్‌ఏ సలహాదారు రెగ్యులర్ ప్లాన్ చెబితే ఎందుకని అడగాలి. క్రికెటరో ఫుట్‌బాలరో ప్రకటనలో కనిపించినా వెతకాల్సింది ఈ నంబర్లనే.

మళ్లీ బ్రోకర్‌చెక్‌కి వస్తే, చిన్న లోపాలు ఇంకొన్ని ఉన్నాయి. రిజిస్ట్రేషన్ వదిలేసి పదేళ్లు దాటినవాళ్ల రికార్డు మామూలుగా మాయమవుతుంది, బహిష్కరణ లాంటి తీవ్రమైన చర్యలు ఎదుర్కొన్నవాళ్లది మాత్రం ఉండిపోతుంది. కోర్టు అనుమతితో కొన్ని ఫిర్యాదుల్ని తుడిపించుకునే వీలుంది, అలా పోయినవి ఉండేవన్న ఆనవాలు కూడా మిగలదు. అందుకే బ్రోకర్‌చెక్‌తో పాటు రాష్ట్ర సెక్యూరిటీల నియంత్రణాధికారి కార్యాలయాన్ని కూడా ఒకసారి అడగడం మంచిది. ఒక్కోసారి వాళ్ల దగ్గర ఎక్కువ సమాచారం దొరుకుతుంది.

ఖాతా తెరిచిన రోజే రిపోర్టు పీడీఎఫ్ దింపి, తేదీ వేసి, ఫారం సీఆర్‌ఎస్‌తో పాటు దాచుకోండి. ఏడాదికోసారి మళ్లీ చూడండి. కొత్తగా ఏదైనా పడితే తెలుస్తుంది. ఖాతా కాగితాల్లో దాదాపు ఎప్పుడూ ఆర్బిట్రేషన్ షరతు ఉంటుంది, అంటే గొడవొస్తే మామూలుగా కోర్టుకి కాకుండా ఫిన్రా ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తుల తీర్పుకి) వెళ్లాలి. సంఘటన జరిగిన ఆరేళ్లలోపు క్లెయిమ్ వేయాలి. రాష్ట్ర చట్టాల గడువు అంతకంటే తక్కువ కావచ్చు. 50 వేల డాలర్ల వరకు ఉన్న క్లెయిములు మామూలుగా ఒక్క ఆర్బిట్రేటర్ కాగితాల మీదే తేల్చేస్తారు, లక్ష దాటితే ముగ్గురు కూర్చుంటారు. అప్పుడు సంతకాలు పెట్టిన రోజున ఆ మనిషి రికార్డు ఎలా ఉందో, మీకు ఏం చెప్పాడో చూపించడానికి ఆ పాత పీడీఎఫ్, ఆ ఈమెయిళ్లే పనికొస్తాయి.